బండికి ఎంత పవర్ కావాలి? మొత్తం ఎంతని కాదు, మిగిలేదెంతో చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. నా దగ్గర 125 సీసీ బండి ఉంది. రోజూ ఊళ్లోనే ఆఫీసుకి, నెలకోసారి మా ఆవిడతో కలిసి హైదరాబాద్‌కి. ఇద్దరం ఎక్కితే 85 దాటాక బండి లాగట్లేదు. లారీని దాటాలంటే టెన్షన్‌గా ఉంటోంది. స్నేహితుల్లో కొందరు 400 తీసుకో అంటున్నారు, కొందరు 650 తీసుకో అంటున్నారు. రోడ్డు మీద తిరిగే బండికి నిజంగా ఎన్ని హార్స్‌పవర్ కావాలి?

జవాబు:

మీరు చెప్పిన వాడకానికి 20 హార్స్‌పవర్ సరిపోతుంది. 40 ఉంటే సుఖంగా ఉంటుంది. ఆ పైన కొనేది ఇష్టం కొద్దీ కొనేదే. ఇష్టపడి కొనుక్కోవడంలో తప్పేం లేదు, పెద్ద బళ్లంటే నాకూ ప్రాణమే. కానీ మీరడిగింది అవసరం గురించి. అందుకని ఈ అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయో వివరంగా చెబుతాను. షెడ్డులో బళ్లు విప్పి బిగించడం, వాటి మీద ఊళ్లు తిరగడం, ఇదే నా పని. ఇక్కడ చెప్పేది ఆ రెండింటి నుంచీ వచ్చింది.

పవర్ దేనికి ఖర్చవుతుందో ముందు చూద్దాం. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్ చేసే పని రెండే: టైర్లను దొర్లించడం, గాలిని చీల్చుకుని పోవడం. టైర్ల ఖర్చు వేగంతో పాటు మెల్లగా పెరుగుతుంది. గాలి సంగతి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలికి పెట్టాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. నిటారుగా కూర్చుని ఇద్దరు పోతుంటే, చైను దగ్గర, గేర్‌బాక్సులో పోయేది కూడా కలుపుకుని ఇంజిన్ ఇవ్వాల్సిన పవర్ సుమారుగా ఇలా వస్తుంది: 60 కిలోమీటర్ల వేగానికి 4 పీఎస్ (హార్స్‌పవర్‌నే ఇలా కూడా రాస్తారు), 80కి 8, 100కి 14, 120కి 23. 160కి 50 దాటుతుంది. బండిని బట్టి, మనిషిని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది కానీ లెక్క స్వభావం మారదు. (కంపెనీలు కొన్ని పీఎస్‌లో రాస్తాయి, కొన్ని బీహెచ్‌పీలో. రెండింటికీ తేడా నూటికి ఒకటిన్నర కన్నా తక్కువే, పట్టించుకోకండి.)

ఇప్పుడు మీ బండి. 125లకు 11 పీఎస్ అటూ ఇటూగా ఉంటుంది. ఇద్దరు మనుషులతో 90కి కావాల్సింది కూడా దాదాపు 11 పీఎస్. 85 దాటాక లాగట్లేదని మీరన్నది సరిగ్గా ఇక్కడే. బండిలో ఏ లోపమూ లేదు, ఉన్నదంతా గాలికే అయిపోతోంది. ఎదురుగాలి ఉంటే ఇంకా ముందే అయిపోతుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 80లో పోతుంటే గాలి మిమ్మల్ని 100లో పోతున్నట్టే ఆపుతుంది. అదనంగా 3 పీఎస్ దాకా కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యాపేట దాటాక 125 బండి 75 దగ్గరే మొరాయిస్తే ప్లగ్గు పోయిందేమో, కార్బన్ పట్టిందేమో అని చాలామంది షెడ్డుకి తెస్తారు. గాలి తగ్గిన రోజు అదే బండి మళ్లీ మామూలుగా పోతుంది.

ఇంకో పని కూడా చేస్తుంటారు. టాప్ స్పీడ్ పెరుగుతుందని 125కి ముందు స్ప్రాకెట్, అంటే చైను తిప్పే పళ్ల చక్రం, ఒక పన్ను పెద్దది వేయించుకుంటారు. 14 పళ్లది తీసి 15 పళ్లది పెడితే ప్రతి గేరూ 7 శాతం పొడవవుతుంది, అంటే ఇంజిన్ అన్నే చుట్లు తిరిగినా వెనక చక్రం అంత ఎక్కువ తిరుగుతుంది. కాగితం మీద స్పీడ్ పెరగాలి. రోడ్డెక్కితే తగ్గుతుంది. గాలి అడిగే పవర్ అంతే ఉంది, ఇంజిన్ మాత్రం తన పూర్తి పవర్ వచ్చే ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా చేరలేకపోతోంది. అంతకుముందు టాప్ గేరులో ఎక్కిన ఫ్లైఓవర్‌కి ఇప్పుడు ఒక గేరు దించాల్సి వస్తుంది. ఆ స్ప్రాకెట్ మీకెవరైనా చెప్పి ఉంటే వేయించకండి.

అసలు చూడాల్సిన సంగతికి వస్తాను. మీరు మామూలుగా పోయే వేగంలో, మామూలుగా మోసే బరువుతో ఖర్చు పోగా ఇంజిన్ దగ్గర ఎంత మిగులుతోంది? లారీని దాటించేది, ఘాట్ ఎక్కించేది, ఎదురుగాలిని తట్టుకునేది ఆ మిగులే. బ్రోషర్లోని అంకె మొత్తం జీతం లాంటిది. ఇంటి ఖర్చులు పోగా చేతిలో ఉండేదే మీకు పనికొస్తుంది.

లారీని దాటడం తీసుకుందాం, మీ టెన్షన్ దాని గురించే కాబట్టి. లారీ 60లో పోతోంది, వెనకాల మీరూ 60లోనే ఉన్నారు. వెనక కొంత ఎడం, లారీ పొడవు, ముందు మళ్లీ కొంత ఎడం కలిపి దాని కంటే 40 మీటర్లు ఎక్కువ పోవాలి. 80 దాటకూడదని పెట్టుకుందాం. ఇద్దరు ఎక్కిన, 8 పీఎస్ ఉన్న 100 సీసీ బండికి ఇందుకు 16 సెకన్ల దాకా పడుతుంది. 14 పీఎస్ ఉన్న 150 సీసీ బండికి 11 సెకన్లు. 20 పీఎస్ ఉన్న 350కి తొమ్మిదిన్నర. 40 పీఎస్ బండికి ఎనిమిదిన్నర. 125 పీఎస్ ఉన్న కవాసాకీ జెడ్900 లాంటి దానికి ఏడున్నర, ఎనిమిది మధ్య. ఇవి నేను వేసుకున్న ఉజ్జాయింపు లెక్కలు. సరైన గేరు వేసి ఎక్సలేటర్ పూర్తిగా తిప్పితేనే వర్తిస్తాయి.

ఆ అంకెలు ఇంకోసారి చూడండి. 8 పీఎస్ నుంచి 14కి వెళ్తే 5 సెకన్లు కలిసొచ్చాయి. మిమ్మల్ని కాపాడేవి ఆ 5 సెకన్లే. 20 నుంచి 125కి, అంటే ఆరు రెట్లు పెంచితే, వచ్చింది రెండు సెకన్లు కూడా లేదు. 80కి చేరాక ఎవరికైనా మిగతా దూరం ఒకేలా గడుస్తుంది కదా. మరి 80 దాటి పోతే? పోవచ్చు, బండి పోతుంది. కానీ 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద కూడా బైకులకు గరిష్ఠ వేగం 80. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకైతే బైకుల్ని రానివ్వరు. అంటే 125 పీఎస్ మనకు చట్టప్రకారం వాడుకోగలిగే చోటు రోడ్డు మీద ఒకటి రెండు సెకన్లకు మించి దొరకదు. లీటర్ సూపర్‌బైకులు మొదటి గేరులోనే 130 దాటుతాయి.

ఇక్కడ టార్క్ మాట, అంటే ఇంజిన్ తిప్పే బలం మాట, వస్తుంది. "పవర్ కాదు, టార్క్ ఉండాలి" అని అందరూ చెబుతారు. ఇందులో నిజం ఉంది కానీ సగమే. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7000తో భాగించండి, ఆ ఆర్‌పీఎం దగ్గర బండికి ఎన్ని పీఎస్ ఉందో దాదాపుగా వచ్చేస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 4000 ఆర్‌పీఎం దగ్గర 27 ఎన్ఎం (టార్క్‌ని కొలిచేది ఎన్ఎంలలోనే). అంటే అక్కడే 15 పీఎస్ పైన చేతిలో ఉంది. పల్సర్ ఎన్ఎస్200కి గరిష్ఠంగా 24.5 పీఎస్, అంటే క్లాసిక్ కంటే ఎక్కువ. కానీ అది 9750 ఆర్‌పీఎం దగ్గర. దాని టార్క్ 18.74 ఎన్ఎం, అదీ 8000 దగ్గర. 4000 దగ్గర పూర్తి టార్క్ ఇచ్చిందనుకున్నా 11 పీఎస్‌కి మించదు, నిజానికి ఇంకా తక్కువే. అందుకే గేరు మార్చకుండా ఎక్సలేటర్ తిప్పే మనిషికి క్లాసిక్ బలంగా అనిపిస్తుంది, రెండు గేర్లు దించి ఇంజిన్ని అరిపించే మనిషికి ఎన్ఎస్ ముందుంటుంది. రెండూ నిజాలే. మీరు ఏ రకం మనిషో మీకే తెలియాలి. వెనక భార్య, మధ్యలో బ్యాగు ఉన్నప్పుడు ఇంజిన్ని 9000 దాకా అరిపించడం చాలామందికి నచ్చదు. నాకూ నచ్చదు. అలాంటి ప్రయాణానికి కింది ఆర్‌పీఎంలోనే మిగులు ఉన్న ఇంజిన్ హాయి. హోండా హైనెస్ సీబీ350 అయితే 30 ఎన్ఎం 3000 దగ్గరే ఇచ్చేస్తుంది.

బరువును మర్చిపోతే లెక్క తప్పుతుంది. యమహా ఆర్ఎక్స్100కి 11 పీఎస్, బరువు నూరు కిలోల చిల్లర. క్లాసిక్ 350కి 20 పీఎస్, 195 కిలోలు. ఉత్త బళ్లను పక్కపక్కన పెడితే కిలోకి వచ్చే పవర్ రెండింటికీ దాదాపు సమానం. అందుకే ఒక్కడే ఎక్కితే ఆర్ఎక్స్ అంత చలాకీగా లేస్తుంది, అది ఇప్పటికీ మనవాళ్ల నోళ్లలో ఉండడానికి ఒక కారణం అదే. ఇద్దర్ని, 150 కిలోల్ని ఎక్కించండి. ఆర్ఎక్స్ మోసే బరువు రెండున్నర రెట్లయింది, క్లాసిక్ మోసేది ముప్పావు వంతే పెరిగింది. చిన్న బండి ఒక్కడికి సరిపోయి ఇద్దరికి ఎందుకు నీరసపడుతుందో ఇదే వివరణ. టెస్ట్ రైడ్‌కి మీరొక్కరే వెళ్తే తెలిసేది సగమే అనడానికీ ఇదే కారణం.

ఘాట్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ, నిజానికి అంత భయం అక్కర్లేదు. నూటికి 8 ఎత్తు లేచే వాలు మీద ఇద్దరితో 100 సీసీ బండి 40లో ఎక్కడానికి 5 పీఎస్ చాలు. తిరుమల కొండకి, అనంతగిరి మీదుగా అరకుకి వందల కొద్దీ చిన్న బళ్లు రోజూ ఎక్కుతున్నాయంటే అద్భుతమేమీ లేదు, గేరు సరిగ్గా వేస్తున్నారు అంతే. ఇంజిన్ గుద్దుకుంటున్నా మూడో గేరులోనే పట్టుకుని లాగించేవాళ్ల బళ్లకే బోరు, పిస్టన్ పని తొందరగా వస్తుంది. రెండోది వేసి ఇంజిన్ని స్వేచ్ఛగా తిరగనివ్వండి. మలుపుల్లో ఆ గేరే బండిని అదుపులో కూడా ఉంచుతుంది.

లద్దాఖ్ వెళ్లాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఇంకో లెక్క ఉంది. ఖర్దుంగ్ లా దగ్గర, 5300 మీటర్ల పైన, గాలి సముద్రమట్టం దగ్గరున్నదానిలో 60 శాతం కూడా ఉండదు. ఇంజిన్ పీల్చే గాలి ఎంత తగ్గితే పవర్ అంత తగ్గుతుంది. 20 పీఎస్ బండి అక్కడ 11, 12 పీఎస్ బండి. అయినా పాత హిమాలయన్ 411 తన 24 బీహెచ్‌పీతోనే ఏళ్ల తరబడి ఆ దారుల్లో తిరిగింది. అక్కడ వేగాలు తక్కువ, గాలి ఖర్చూ తక్కువ. అక్కడ ముఖ్యం సస్పెన్షన్, గ్రౌండ్ క్లియరెన్స్, కింది గేర్ల పొట్టితనం.

ఎక్కువ పవర్ వల్ల నష్టమేంటి, వాడకపోతే ఊరికే ఉంటుంది కదా అని మీ స్నేహితులు అంటారు. ఊరికే ఉండదు. పెద్ద ఇంజిన్ 70లో పోతున్నప్పుడు దాని థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి పీల్చుకోవడానికే కొంత పెట్రోలు పోతుంది, పెద్ద పిస్టన్ల రాపిడికి ఇంకొంత. 100 సీసీ బండి లీటరుకు 60 పైన ఇచ్చే చోట 350 ముప్పైల్లో ఇస్తుంది, 650 పాతిక దగ్గర ఆగుతుంది. అదే వేగం, అదే రోడ్డు. ఊళ్లో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మే నెల మధ్యాహ్నం ఆగితే 650 ఇంజిన్ వేడి తొడలకు తగులుతుంది. మీరు రోజూ ఆఫీసుకి వెళ్లేది ఊళ్లోనే అన్నారు. నెలలో ఇరవై అయిదు రోజులు నడిపే చోటుకి బండి సరిపోవాలి, ఒక్క రోజు నడిపే చోటుకి కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. 350 సీసీ దగ్గర గట్టి గీత ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 దాకా ఉన్న బళ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటితే 40 శాతం అయింది. 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఏడాదికి 75 దాటి 150 సీసీ దాకా 714 రూపాయలు, 350 దాకా 1366, ఆ పైన 2804. టైర్లు, చైన్ సెట్, బ్రేక్ ప్యాడ్లు కూడా అదే వరుసలో పెరుగుతాయి.

టైర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. షెడ్డుకి వచ్చే 40 పీఎస్ పై బళ్ల వెనక టైరు చూస్తే కథ తెలుస్తుంది. మధ్యలో రెండు వేళ్ల వెడల్పున రబ్బరు అరిగి పలకలా చదునైపోయి ఉంటుంది. రెండు పక్కలా కొత్త టైరుకి వచ్చే సన్నని రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే నిలబడి ఉంటాయి. అంటే ఆ బండి తిన్నగా పోయినప్పుడు పవర్ వాడారు, మలుపులో ఎప్పుడూ వాల్చలేదు. చదునైపోయిన టైరు అకస్మాత్తుగా వాల్చాల్సి వచ్చినప్పుడు సాఫీగా వాలదు, అంచు మీదికి ఒక్కసారిగా పడుతుంది. పవర్ కొన్నవాళ్లు దాన్ని నడపడం కూడా నేర్చుకోవాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇలాంటి టైర్లు చూసే.

బ్రేకులది ఇంకా ముఖ్యం. 80లో పోతూ ఏదో అడ్డొస్తే, మనసు గ్రహించి చెయ్యి కదలడానికి ఒక సెకను పోతుంది. ఆ సెకనులో 22 మీటర్లు వెళ్లిపోతారు. తర్వాత బాగా బ్రేకు వేస్తే ఇంకో 36. మొత్తం 58 మీటర్లు. 120లో ఇదే 114 మీటర్లు. ఎన్‌హెచ్ 65 మీద కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల, చౌటుప్పల్, ఎక్కడ చూసినా ఊరి క్రాసింగులు, ఎదురుగా వచ్చే ఆటోలు, డివైడర్ సందులోంచి దూరే ట్రాక్టర్లు. అక్కడ 114 మీటర్ల ఖాళీ ఎప్పుడుంటుంది? మన దేశంలో 1980లలో వచ్చిన రాజ్‌దూత్ 350కి 30 బీహెచ్‌పీ ఇచ్చి ముందు డ్రమ్ము బ్రేకే పెట్టారు. ఆ బండిని ఇప్పటికీ కళ్లకద్దుకునేవాళ్లున్నారు, నేనూ ఆ ఇంజిన్‌కి అభిమానినే. కానీ ఆపలేని వేగం ఎంత ఉన్నా అక్కరకు రాదు. మీరు కొత్తది తీసుకునేటప్పుడు రెండు చక్రాలకూ డిస్కు, గట్టిగా బ్రేకు వేసినా ఆ రెండు చక్రాలూ బిగుసుకుపోకుండా చూసే రెండు చానళ్ల ఏబీఎస్ ఉన్నది తీసుకోండి. ఒకే ధరలో అయిదు పీఎస్ ఎక్కువున్న బండీ, మంచి బ్రేకులున్న బండీ ఎదురైతే రెండోదే ఎంచుకోండి.

130 వేగానికి అనుమతి ఉన్న హైవేలున్న యూరప్‌లో ఏం చేస్తున్నారో కూడా చూడండి. అక్కడ పూర్తి లైసెన్సుకి ముందు మెట్టుగా ఏ2 లైసెన్సు అని ఒకటుంది. దానితో నడపగలిగే బండికి గరిష్ఠ పవర్ 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 సరిగ్గా ఆ గీత దగ్గరుంది. ఫ్రాన్స్‌లో అయితే 2016 దాకా ఏ బైకైనా 100 హార్స్‌పవర్ దాటకూడదనే నియమం ఉండేది. ఆ వేగాలున్న చోటే 47 హార్స్‌పవర్ బండితో హైవే ఎక్కనిస్తున్నారంటే, 80 దాటకూడని మన రోడ్డుకి 40 అంటే పుష్కలం.

మీ విషయానికి వస్తే. 80, 85 మధ్య ఇద్దరితో పోవడానికి 8 నుంచి 10 పీఎస్ ఖర్చు. 20 పీఎస్ బండిలో ఇంకో పది మిగులుతుంది. ఎదురుగాలికి మూడు పోయినా లారీని దాటడానికి చాలినంత ఉంటుంది. 350 సీసీల్లో ఏదైనా ఈ పని చేస్తుంది. మీకు బరువైన బండి అలవాటు లేకపోతే, 195 కిలోలు పార్కింగులో వెనక్కి నెట్టడం కష్టమనిపిస్తే, 160 నుంచి 200 సీసీల్లో 17, 18 పీఎస్ ఉన్నవి చూడండి, గేరు దించి నడపడానికి ఒప్పుకుంటేనే. రెండు రాష్ట్రాలూ దాటి దూరప్రయాణాలు పెట్టుకుంటారని, లగేజీ పెట్టెలు బిగిస్తారని అనుకుంటే 40 పీఎస్ బండి తీసుకోండి, ట్రయంఫ్ స్పీడ్ 400, హిమాలయన్ 450 ఆ కోవలోవే. 650 గురించి నా మాట: అది మంచి బండి, కానీ మీ ప్రశ్నలో దాన్ని అడిగే పని ఒక్కటీ కనిపించలేదు.

కొనే ముందు మీ ఆవిడను కూడా షోరూమ్‌కి తీసుకెళ్లండి. ఆమె కూర్చుంటేనే టెస్ట్ రైడ్ చేయండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేరులోనే 50 దగ్గర ఎక్సలేటర్ మెల్లగా తిప్పి చూడండి. బండి గుద్దుకోకుండా లేస్తే కింది ఆర్‌పీఎంలో మిగులు బాగానే ఉన్నట్టు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 70కి పూర్తిగా తిప్పండి, మీ 125 మీద ఇదే చేసినప్పుడు ఎలా ఉందో పోల్చుకోండి. వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని 50లోంచి రెండు బ్రేకులూ గట్టిగా వేసి ఆపండి, బండి తిన్నగా ఆగిందో లేదో, ముందు ఫోర్కు ఎంత కిందికి కుంగిందో గమనించండి. దిగాక మీ ఆవిడ మోకాళ్లు నొప్పెట్టాయా, పట్టుకోవడానికి పిడి అందిందా అడగండి. హైదరాబాద్ ఇక్కణ్నుంచి 275 కిలోమీటర్లు, ఆమె సుఖంగా కూర్చోలేకపోతే ప్రతి అరగంటకూ ఆగాల్సి వస్తుంది. ఈ పరీక్షలన్నిటిలోనూ నెగ్గిన బండికి బ్రోషర్లో 20 పీఎస్ అనే ఉన్నా నిశ్చింతగా తీసుకోండి.